ఖాళీగా ఉండటమే ఆ గుంట ఉద్యోగం

ఇంటి వెనుక ఏడాదంతా ఖాళీగా పడి ఉండే డిటెన్షన్ పాండ్ (వాననీటిని కాసేపు ఆపే గుంట) కోసం ఇళ్ల యజమానుల సంఘమైన హెచ్‌ఓఏకు డబ్బు ఎందుకు కట్టాలని మీరు అడిగారు. అమెరికాలోని హ్యూస్టన్ శివారులో అటువంటి గుంట పక్కనే కాపురముంటూ, మా హెచ్‌ఓఏ బోర్డులో రెండేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: ఖాళీగా ఉండటమే దాని ఉద్యోగం.

చెరువు నిండి అలుగు పారితే ఊరంతా చూడటానికి వెళ్లే చోట పెరిగిన నాకు ఈ సంగతి తలకెక్కడానికి చాలాకాలం పట్టింది. చెరువు నీటిని దాచుకుంటుంది. ఈ గుంట వచ్చిన నీటిని కొన్ని గంటలు పట్టి ఉంచి, అడుగునున్న తూము గుండా మెల్లగా బేయూలోకి, అంటే ఇక్కడి నెమ్మదిగా పారే వాగులోకి, వదిలి, తరువాతి వానకు మళ్లీ ఖాళీ అవుతుంది. ఇళ్ల కప్పుల మీద, సిమెంటు రోడ్ల మీద పడిన వాన నేలలోకి ఇంకే దారి లేక ఒక్కసారిగా పరుగెడుతుంది కనుక, పైగా ఇక్కడి బంకమట్టి నీటిని సరిగా పీల్చదు కనుక, ఆ తూమును కావాలనే ఇరుకుగా పెడతారు. పెద్ద గొట్టం వేయమని ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. వేస్తే మన వీధి త్వరగా ఆరుతుంది, దిగువవాళ్ల ఇళ్లు మునుగుతాయి.

ఒక మే నెల రాత్రి రెండు గంటల వానకే మా వీధిలో నీరు గరాజ్ తలుపుల దాకా వచ్చింది. తెల్లవారి చూస్తే, రెండు రోజుల క్రితం గట్టు మీద కోసి వదిలేసిన గడ్డి తేలివచ్చి, తూము ముందున్న ఇనుప కమ్మీలకు పరుపులా అతుక్కుని ఉంది; అందులో పిజ్జా డబ్బాలు, నీళ్ల సీసాలు, ఒక పిల్లవాడి బంతి. నీటిలోకి దిగి లాగేస్తానని బయలుదేరిన పక్కింటాయనను చొక్కా పట్టుకుని ఆపవలసి వచ్చింది, ఎందుకంటే తూము దగ్గరి లాగుడు మనిషిని కమ్మీలకు అదిమేయగలదు. చివరకు కాంట్రాక్టరు మనుషులు గట్టు మీద నుంచే పొడవాటి కొక్కేలతో ఆ పరుపును చీల్చారు. గుడగుడమని సుడి తిరిగింది. మధ్యాహ్నానికి గుంట అడుగు కనిపించింది.

నా దృష్టిలో గడ్డి కోయడం నిర్వహణే కాదు. వానకు ముందూ తరువాతా కమ్మీలు శుభ్రం చేయడం, గట్టు మీద చెట్లను వేళ్లూనకముందే తీసేయడం, కొన్నేళ్లకోసారి పూడిక తవ్వించడం, ఇవే అసలు పనులు. పూడిక కంటికి కనిపించదు, కానీ పేరుకున్న ప్రతి అంగుళమూ నీటి చోటును తినేస్తుంది. హ్యూస్టన్‌లో ఏ ఏడాదైనా నూటికి ఒక వంతు అవకాశమున్న ఒక రోజు వానను 2018లో అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా దాదాపు 13 అంగుళాల నుంచి 18కి సవరించింది. అంతకుముందు తవ్విన గుంటలు పాత లెక్క మీద తవ్వినవే, పూడిక ఆ లెక్కను కూడా మిగలనివ్వదు. అయినా మా బోర్డు క్రిస్మస్ దీపాల ఖర్చును పది నిమిషాల్లో ఒప్పుకుని, పూడిక పనిని నెలల తరబడి వాయిదా వేసింది. గుంటలో ఫౌంటెన్ పెట్టమన్నవారూ ఉన్నారు, ఎండిపోవలసిన గుంటలో!

వాన వెలిసిన మూడో రోజున మీ గుంటను ఒకసారి చూడండి; ఇంకా నీరు నిలిచి ఉంటే తూము సంగతి బోర్డును అడగండి. అలాగే వార్షిక బడ్జెట్‌లో పూడికతీత పద్దును వెతకండి. మా దగ్గర అది మూడేళ్లుగా సున్నా.