ఒక్కపొద్దుల చాటున జబ్బు

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. ఎత్తు 158 సెంటీమీటర్లు. ఏడాది కిందట 52 కిలోలు ఉండేది, ఇప్పుడు 38కి వచ్చింది. నిరుడు తిరుమల శనివారాలకు పట్టిన ఒక్కపొద్దులు ఆ నెల గడిచినా మానలేదు, పైగా మంగళ, గురువారాలు కూడా కలిపింది. వారానికి మూడుసార్లు అలిపిరి మెట్లు ఎక్కుతుంది. ఒక్క ఇడ్లీని గిల్లి గిల్లి గంటసేపు కూర్చుంటుంది. మొన్న పుస్తకాల అర వెనుక కాగితంలో చుట్టిన సంగటి ముక్కలు ఎండిపోయి కనిపించాయి. నాలుగు నెలలుగా నెలసరి లేదు. కడుపు ఉబ్బరమంటే ఎండోస్కోపీ చేయించాము, ఏమీ లేదన్నారు. మా అత్తగారు దిష్టి అని గంగమ్మకు పొంగళ్లు పెట్టించారు, మా ఆయన కేకలేస్తారు, తల్లి పెంపకమే ఇలా చేసిందని ఆడపడుచు అంటోంది. మానసిక వైద్యుడికి చూపిస్తే రేపు సంబంధాలు రావని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు రాసినదంతా కలిపి చూస్తే, లావవుతామన్న భయంతో తిండి తగ్గించుకుంటూ చిక్కిపోయే అనొరెక్సియా నెర్వోసా అనే మానసిక జబ్బును గట్టిగా అనుమానించవలసి వస్తోంది. నిర్ధారించవలసింది అమ్మాయిని స్వయంగా పరీక్షించిన వైద్యులే గనుక ఈ వారంలోనే తీసుకువెళ్లండి. నాడి, పడుకున్నప్పుడూ లేచి నిలబడినప్పుడూ రక్తపోటు, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ చూడాలి. అంతవరకు మెట్లు ఎక్కనివ్వకండి. కంగారుపడి ఒక్కసారిగా ఎక్కువ తినిపించకండి కూడా, ఎందుకంటే చాలాకాలం పస్తులున్న శరీరానికి హఠాత్తుగా ఆహారం అందితే రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు.

ఉబ్బరమని అమ్మాయి చెప్పినది అబద్ధం కాకపోవచ్చు. తిండి తగ్గినకొద్దీ జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుంటుంది. మన దేశంలో ఈ జబ్బున్న పిల్లల్లో కొందరు లావవుతామన్న భయాన్ని పైకి చెప్పకుండా ఉబ్బరమని, సహించడం లేదని మాత్రమే చెప్పడం వల్ల జీర్ణకోశ వైద్యుల చుట్టూ తిరగడంలోనే నెలలు గడిచిపోతాయి. ఇడ్లీని గిల్లుతూ కూర్చోవడాన్ని కూడా పొగరనుకోకండి. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు సగం తిండే పెట్టి గమనించినప్పుడు, వారు కూడా కంచం ముందు గంటల తరబడి కూర్చున్నారు, వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. ఆకలి మనిషి మనసును అలా మార్చేస్తుంది.

ఇక మీ ఆడపడుచు మాట. 1873లో ఈ జబ్బును వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు లసేగ్, కుటుంబం చేతిలో రెండే ఉపాయాలుంటాయని, అవి బతిమాలడం, బెదిరించడమని, రెండూ త్వరలోనే అయిపోతాయని రాశాడు. మీ ఇంట్లో మీరు బతిమాలుతున్నారు, మీవారు బెదిరిస్తున్నారు, నూట యాభై ఏళ్లయినా తేడా లేదు! అదే కాలంలో ఇంగ్లండులో దీనికి ఇప్పటి పేరు పెట్టిన విలియం గల్, ఇలాంటి రోగులను చూసుకోవడానికి అయినవాళ్లు పనికిరారన్నాడు; ఆ తరువాత కూడా చాలాకాలం వైద్యులు తల్లిని తప్పుపట్టి పిల్లలను ఇంటికి దూరంగా ఉంచారు. 1980లలో లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో దీన్ని తిరగేసి, తల్లిదండ్రులకే కంచం అప్పగించే చికిత్సను రూపొందించారు. పెంపకం వల్ల ఈ జబ్బు వస్తుందనడానికి ఆధారం లేదని, వంశంలో వచ్చే స్వభావం దీనికి కొంత కారణమని ఇప్పుడు తెలుసు. ఆడపడుచుకు ఈ పేజీ చూపించండి.

ఆ చికిత్సలో, 18 ఏళ్ల లోపు పిల్లలకు, ముఖ్యంగా జబ్బు వచ్చి మూడేళ్లు దాటనివారికి, ఏం తినాలో ఎంత తినాలో కొంతకాలం పెద్దలే నిర్ణయించి, పూటపూటకూ పక్కనే కూర్చుని తినిపిస్తారు. బరువు పెరిగినకొద్దీ ఆ అధికారాన్ని తిరిగి పిల్లలకు అప్పగిస్తారు. మీవారు కేకలు మాని ఒక పూట బాధ్యత తీసుకోవాలి. “జ్వరానికి మందు వేసినట్టే ఇది నీ మందు, అయ్యేదాకా నేనిక్కడే ఉంటాను” అంటే చాలు, కేలరీల మీద వాదన అక్కరలేదు. ముందు ఇంట్లో పెద్దలందరిదీ ఒకే మాట కావాలి, ఒకరు వడ్డిస్తుంటే మరొకరు “పోనీలే, వదిలెయ్” అంటే జబ్బుకు ఆ సందు చాలు.

అందుకే మీ అత్తగారిని కలుపుకోండి. గంగమ్మ మొక్కు గురించి తగవు పెట్టుకోవద్దు. ఒంట్లో బాగాలేనివారికి ఒక్కపొద్దు లేదన్నది ఆమెకు తెలిసిన సంప్రదాయమే, కోడలికంటే ఆవిడ నోట వస్తే అమ్మాయి వింటుంది. పెళ్లిళ్లలో “ఎంత నాజూకుగా అయ్యావే” అని మెచ్చుకునే బంధువులను కొన్నాళ్లు దూరం పెట్టే పని కూడా ఆవిడకే వదలండి.

సంబంధాల భయం నాకు అర్థమవుతుంది, కానీ దాచడానికి పోయే నెలలే ఈ జబ్బును ముదరబెడతాయి. మానసిక జబ్బులన్నిటిలోనూ ప్రాణాలు ఎక్కువగా తీసేవాటిలో ఇదొకటి, ఎముకలు గుల్లబారితే పూర్తిగా కోలుకోవడం కష్టం. బంధువులకు రక్తహీనతకు మందు వాడుతున్నామని చెప్పినా నేను తప్పుపట్టను. కాలేజీలో ఒక అధ్యాపకురాలికి మాత్రం నిజం చెప్పండి, మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా.

రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు. అమ్మాయి కళ్లు తిరిగి పడినా, గుండె దడగా ఉందన్నా, మంచినీళ్లు కూడా మానేసినా, బతకాలని లేదన్నా ఎవరినీ అడగకుండా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.