టెక్ సందేహాలు: పాత కంప్యూటర్ పుస్తకాల సెట్ కొనాలా?

ప్రశ్న: ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర 1980ల నాటి ఉస్బోర్న్ వాళ్ల కంప్యూటర్ పుస్తకం ఒకటి దొరికింది. బొమ్మలు భలే ఉన్నాయి, మిగతావి కూడా సేకరించాలని ఉంది. విదేశాల నుంచి సెట్ తెప్పించుకోమంటారా? అందులోని ప్రోగ్రాములు ల్యాప్‌టాప్‌లో నడుస్తాయా?

జవాబు: డబ్బు కట్టే ముందు ఒక్క మాట. ఈ సిరీస్‌లో చాలా పుస్తకాలను ఆ లండన్ ప్రచురణకర్తలే పీడీఎఫ్‌లుగా ఉచితంగా ఇచ్చారు. ముందు అవి దించుకుని చదవండి, ఏవి కాగితం మీద కావాలో మీకే తెలిసిపోతుంది. నన్నడిగితే 1983 నాటి 'మెషిన్ కోడ్ ఫర్ బిగినర్స్' మాత్రం కొనాల్సిందే, ఎందుకంటే ఆనాటి ఇంటి కంప్యూటర్లలో ఉండే జెడ్80, 6502 ప్రాసెసర్ చిప్‌లు లోపల ఎలా పనిచేస్తాయో రంగు బొమ్మలతో స్కూలు పిల్లలకు అర్థమయ్యేలా చెప్పిన తీరు ఇప్పటి పుస్తకాల్లో నాకు కనిపించదు. దానికి గిరాకీ ఎక్కువ, తొందరపడి చెప్పిన ధరకల్లా కొనేయకండి.

సెట్ మొత్తం ఒకేసారి వద్దు. కొన్ని పుస్తకాలను రెండు మూడు కలిపి ఒకే వాల్యూమ్‌గా కూడా వేశారు కాబట్టి ఉన్నదే మళ్లీ కొనే ప్రమాదం ఉంది. విషయసూచిక ఫొటో అడిగి చూసుకోండి. పుస్తకం చిన్నదే అయినా తపాలా ఖర్చు దాని ధరను మించిపోవచ్చు, అదీ లెక్కేసుకోండి.

ఇక ప్రోగ్రాములు. ఆ రోజుల్లో ఒక్కో మెషిన్‌కీ ఒక్కో రకం బేసిక్ (ప్రోగ్రాములు రాసే భాష), అందుకే పుస్తకంలో అచ్చయిన ప్రోగ్రాములో కొన్ని లైన్ల పక్కన చిన్న గుర్తులుంటాయి, మీ మెషిన్ గుర్తు ఉన్నచోట కింద ఇచ్చిన లైను కొట్టాలి. ఇది చూసుకోకపోతే ఎర్రర్లే. ల్యాప్‌టాప్‌లో నడపాలంటే ఎమ్యులేటర్, అంటే పాత కంప్యూటర్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్ వాడాలి. ఆనాటి ఇంటి కంప్యూటర్లలో స్పెక్ట్రమ్‌కు ఫ్యూజ్ అనే ఎమ్యులేటర్ ఉచితం, బీబీసీ మైక్రో అయితే ఎమ్యులేటర్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. స్పెక్ట్రమ్‌లో అందరూ తడబడేది ఒక్కచోటే: లైన్ నంబరు కొట్టాక పి నొక్కితే 'ప్రింట్' అని మొత్తం మాట దానంతటదే పడుతుంది, అక్షరాలు ఒక్కొక్కటిగా కొట్టకండి. 'లెట్' కావాలంటే ఎల్ నొక్కండి చాలు.