పాపను తెచ్చుకోవడానికి విదేశం వెళ్తున్నాం.. టీకాలు, మందులు ఏమేం కావాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్ళు, మావారికి 39. పెళ్ళయి పదకొండేళ్ళయింది. పిల్లల కోసం చాలా చికిత్సలు చేయించుకున్నాక, రెండేళ్ళ క్రితం దత్తతకు దరఖాస్తు పెట్టాం. ఇప్పుడు మరో దేశంలో ఒక శిశుగృహంలో ఉన్న పది నెలల పాపను మాకు కేటాయించారు. ఆరు వారాల్లో బయల్దేరాలి. అక్కడ దాదాపు మూడు వారాలుండి పాపతో తిరిగొస్తాం. పాప బరువు 6.8 కిలోలని రిపోర్టులో ఉంది. వాళ్ళు పంపిన వీడియోల్లో ఎక్కడా ఏడవదు, ఎవరు ఎత్తుకున్నా నవ్వుతుంది. పాపకు ఏ మందులు తీసుకెళ్ళాలి? ఏ పరీక్షలు చేయించాలి? ఇంట్లో మా అత్తగారు ఉంటారు. పాప రాగానే తను చూసుకుంటానని, నన్ను ఉద్యోగంలో చేరిపొమ్మని అంటున్నారు. అలా చేయవచ్చా?

జవాబు: పాప బరువు మొదలుకొని నవ్వు వరకు అన్నీ రాశారమ్మా. మీ ఇద్దరి ఒంటి గురించి మాత్రం వయసు, పిల్లల కోసం చేయించుకున్న చికిత్సలు తప్ప ఒక్క ముక్క రాయలేదు. దత్తతకు వెళ్ళే తల్లిదండ్రుల్లో ఇది మామూలే. సంచి నిండా పిల్లల మందులు సర్దుకుంటారు, తాము మాత్రం ఒక్క టీకా కూడా వేయించుకోకుండా విమానం ఎక్కేస్తారు. అక్కడ హోటల్ గదిలో ఇద్దరూ విరేచనాలతో పడిపోతే, నిన్ననే చేతికొచ్చిన బిడ్డను ఎత్తుకునేదెవరు? అందుకే ముందు మీ సంగతి.

మొదట హెపటైటిస్ ఏ టీకా. దీన్ని నేను ముందు పెట్టడానికి కారణం ఉంది. ఈ కామెర్ల వైరస్ ఆరేళ్ళ లోపు పిల్లలకు సోకితే పదిమందిలో సుమారు ఏడుగురికి ఏ లక్షణమూ కనిపించదు. కళ్ళు పచ్చబడవు, ఆకలి తగ్గదు, బిడ్డ హాయిగా ఆడుకుంటూనే ఉంటుంది. వైరస్ మాత్రం మలంలో వారాల తరబడి పోతూ ఉంటుంది, పసివాళ్ళలో ఇంకా ఎక్కువ కాలం. డైపర్ మార్చిన చేతికి అది అంటుకుంటుంది. అదే పెద్దవాళ్ళకు వస్తే నెల రెండు నెలలు మంచం మీదే, వయసు పైబడిన వాళ్ళకు కాలేయం దెబ్బతినే ప్రమాదమూ ఉంది. అందుకే అమెరికా టీకా సలహా కమిటీ 2009లోనే ఒక మాట చెప్పింది. ఈ వ్యాధి ఎక్కువగా ఉండే దేశాల నుంచి దత్తత బిడ్డ వస్తుంటే, ప్రయాణం చేసేవాళ్ళే కాదు, బిడ్డ వచ్చిన మొదటి 60 రోజుల్లో దగ్గరగా మెలిగే ఇంటివాళ్ళు, ఆయాలు కూడా ఈ టీకా వేయించుకోవాలని. మీ అత్తగారు ఊరు కదలకపోయినా ఆ జాబితాలో ఉన్నారు. బిడ్డ ఇంటికి రావడానికి కనీసం రెండు వారాల ముందు మొదటి డోసు పడాలి, రెండోది ఆరు నెలల తర్వాత. ఎవరికైనా గతంలో కామెర్లు వచ్చి ఉంటే రక్తంలో ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) చూసుకోవచ్చు, ఉంటే టీకా అక్కర్లేదు.

హెపటైటిస్ బి కూడా చూసుకోవాలి. సాధారణంగా 0, 1, 6 నెలల్లో మూడు డోసులు వేస్తారు. మీకున్నది ఆరు వారాలే కాబట్టి 0, 7, 21 రోజుల పద్ధతిలో వేయించుకుని, ఏడాదికి నాలుగో డోసు తీసుకోవచ్చు. మీ డాక్టరుకు ఈ తొందర పద్ధతి కావాలని గుర్తుచేయండి.

తట్టు, అంటే మీజిల్స్, మీకు చిన్నప్పుడు వచ్చిందో, టీకా పడిందో కచ్చితంగా తెలియకపోతే ఎంఎంఆర్ రెండు డోసులు 28 రోజుల తేడాతో వేయించుకోండి. శిశుగృహాల్లో తట్టు ఒకరికొస్తే గదంతా పాకుతుంది. 2004లో చైనా నుంచి దత్తత పిల్లలతో పాటే అది విమానమెక్కి అమెరికాలోని పలు రాష్ట్రాలకు చేరింది. ఒక్క జాగ్రత్త: ఎంఎంఆర్ బతికున్న వైరస్‌తో చేసిన టీకా. గర్భిణులకు వేయకూడదు, వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. చికిత్సలు చేయించుకున్నామన్నారు కాబట్టి అడుగుతున్నా, ఇప్పటికీ ఏమైనా వాడుతున్నారా? దత్తత ఖరారయ్యాక గర్భం నిలిచిన వాళ్ళను నేను ఒకరిద్దరిని చూశాను. సూది వేయించుకునే ముందు ఆ పరీక్ష ఒకటి చేయించుకోండి.

కోరింత దగ్గు, ధనుర్వాతం, కంఠసర్పి కలిపి ఇచ్చే టీడాప్, ఫ్లూ టీకా ముగ్గురికీ మంచివి. టైఫాయిడ్, మలేరియా మాత్రలు, పసుపు జ్వరం టీకా అవసరమా కాదా అన్నది మీరు వెళ్ళే దేశాన్ని బట్టి ఉంటుంది. పసుపు జ్వరం ధ్రువపత్రం టీకా వేసిన పదో రోజు నుంచే చెల్లుతుంది, చివరి వారంలో పరిగెత్తవద్దు.

ఇక పాప సంగతి. పది నెలల ఆడపిల్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం సగటు బరువు 8.5 కిలోలు. మీ పాప 6.8 కిలోలంటే సాధారణ పరిధి కింది అంచుకు దగ్గరగా ఉందన్నమాట. కంగారు పడాల్సిన అంకె కాదు, పట్టించుకోకుండా వదిలేసేదీ కాదు. సంస్థల్లో పెరిగిన పిల్లల్లో ఎదుగుదల వెనకబడటం ఎంత మామూలంటే, అక్కడ గడిపిన ప్రతి మూడు నెలలకూ పొడుగులో సుమారు ఒక నెల ఎదుగుదల తగ్గుతుందని దత్తత వైద్యులు ఒక లెక్క వేసుకుంటారు. తిండి తక్కువై మాత్రమే కాదు, ఎత్తుకునే చేతులు తక్కువైనా బిడ్డ ఎదగదు. ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో వీళ్ళు పుంజుకునే తీరు చూడముచ్చటగా ఉంటుంది.

ఒక్కరోజు బరువు కంటే నాకు ముఖ్యమైనది తల చుట్టుకొలత. పుట్టినప్పుడు ఎంత, మూడో నెలలో ఎంత, ఆరో నెలలో ఎంత అని వరుసగా అడిగి తెప్పించుకోండి. గీత నిలకడగా పైకి వెళ్తుంటే మంచిదే. తల ఎదుగుదల ఆగిపోయి ఉంటే బయల్దేరేలోపే పిల్లల డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి. కన్నతల్లికి గర్భంతో ఉన్నప్పుడు మద్యం అలవాటుందా, నెలలు నిండి పుట్టిందా, ఆస్పత్రిలో ఎన్నిసార్లు చేర్చారు అన్నవి కూడా అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. అంతర్దేశీయ దత్తతపై 1993 నాటి హేగ్ ఒప్పందం 16వ అధికరణం, బిడ్డదీ బిడ్డ పుట్టింటివారిదీ ఆరోగ్య చరిత్రను నివేదికలో పెట్టాలనే చెబుతుంది. ఆ దేశం ఒప్పందంలో ఉంటే అది మీ హక్కు. ఇరవై ఏళ్ళ తర్వాత మీ కూతురు 'మా కన్నతల్లికి షుగరుందా' అని అడిగితే జవాబు చెప్పగలిగేది ఆ కాగితాలే.

మందుల సంచి చిన్నది చాలు: ఓఆర్‌ఎస్ పొట్లాలు, జ్వరానికి పారాసిటమాల్, థర్మామీటరు, డైపర్ దద్దురుకు పూత మందు, గజ్జికి 5 శాతం పర్మెత్రిన్ క్రీము. గజ్జి శిశుగృహాల్లో చాలా మామూలు. రాత్రిపూట బిడ్డ ఒళ్ళు గోక్కుంటున్నా, అరచేతుల్లో, అరికాళ్ళలో పొక్కులున్నా అనుమానించండి. పారాసిటమాల్ విషయంలో ఒక హెచ్చరిక. మోతాదు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే మీ పాపకు ఒక్కసారికి 70 నుంచి 100, ఆరు గంటలకోసారి. కానీ సిరప్‌లు 5 మిల్లీలీటర్లకు 120, 125, 250 మిల్లీగ్రాములుగా రకరకాలుగా ఉంటాయి, చుక్కల మందు ఇంకా చిక్కగా ఉంటుంది. పరాయి దేశంలో, అర్ధరాత్రి, తెలియని భాషలో ఉన్న సీసా మీద చెంచా లెక్క వేయకండి. మీకు తెలిసిన సీసా ఇక్కడి నుంచే తీసుకెళ్ళండి. యాంటీబయాటిక్ మాత్రం 'ఎందుకైనా మంచిది' అని పెట్టుకోవద్దు. విమానంలో బిడ్డ పడుకుంటుందని అలర్జీ సిరప్ పోయడం కొందరికి అలవాటు. వద్దు. కొందరు పిల్లలు ఆ మందుకు నిద్రపోకపోగా రెచ్చిపోతారు, శ్వాస మందగించే ప్రమాదమూ ఉంది. విమానం దిగేటప్పుడు పాలసీసా నోట్లో పెడితే చాలు, మింగుతుంటే చెవుల్లో ఒత్తిడి సర్దుకుంటుంది.

అక్కడ ఏ డబ్బాపాలు తాగుతోందో తెలుసుకుని కనీసం రెండు వారాలు అవే కొనసాగించండి. పాప సీసా చూస్తే మీకు ఆశ్చర్యం వేయవచ్చు. చాలాచోట్ల రబ్బరు పీక రంధ్రాన్ని పెద్దది చేసేస్తారు, ఎందుకంటే ఒక ఆయా చాలామంది పిల్లలకు పట్టాలి. ఆ వేగానికి అలవాటుపడ్డ బిడ్డ మీరు తెచ్చిన కొత్త సీసాతో కోపంగా ఏడుస్తుంది. 'పాలు తాగట్లేదు డాక్టర్' అని ఫోన్ చేసే వాళ్ళలో కొందరి బిడ్డలకు కావాల్సింది మందు కాదు, వేగంగా పాలొచ్చే పీక. వారం తర్వాత మెల్లగా మార్చుకోవచ్చు. మీ చేతులతో ఎత్తుకుని, కళ్ళలోకి చూస్తూ పట్టండి. సీసాను దిండుకు ఆనించి వదిలేయడం ఆ పాపకు ఇప్పటిదాకా తెలిసిన పద్ధతి.

ఏడవదు, అందరినీ చూసి నవ్వుతుంది అన్నారు. నన్ను ఆలోచింపజేసింది ఆ వాక్యమే. ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారని తెలిసిన బిడ్డ ఏడుస్తుంది. ఎవరూ రారని కొన్ని వందలసార్లు తెలిశాక ఏడవడం మానేస్తుంది. అది బుద్ధిమంతురాలి లక్షణం కాదు. ఎవరి చేతుల్లోకైనా వెళ్ళిపోవడమూ అంతే, ఆమెకు ఇంకా 'మనవాళ్ళు', 'పైవాళ్ళు' అన్న తేడా ఏర్పడలేదు. మీ దగ్గరకొచ్చిన కొన్ని వారాలకు ఆమె గొంతెత్తి ఏడిస్తే, కొత్తవాళ్ళను చూసి మీ మెడ పట్టుకుంటే భయపడకండి, నేనైతే సంతోషిస్తాను. రుమేనియాలో 1989 తర్వాత బయటపడ్డ అనాథాశ్రమాల నుంచి బ్రిటన్‌కు దత్తత వెళ్ళిన పిల్లలను పిల్లల మనోవైద్యుడు మైకేల్ రట్టర్ బృందం పెద్దయ్యేదాకా గమనించింది. ఆరు నెలల లోపు ఇళ్ళకు చేరినవాళ్ళు చాలావరకు తోటివాళ్ళలాగే పెరిగారు, ఆరు నెలలు దాటి వచ్చినవాళ్ళలో కొందరికి ఇబ్బందులు మిగిలాయి. ఆ ఆశ్రమాల్లోని దుస్థితి వేరు, మీ పాపను చూసుకునే చోటు అలా ఉందని నేననట్లేదు. ఇప్పుడు పది నెలలు కాబట్టి ఇంటికొచ్చిన తొలి నెలలను తేలిగ్గా తీసుకోవద్దనే చెబుతున్నా.

పరీక్షల విషయానికొస్తే, తిరిగొచ్చిన రెండు వారాల్లోపు పిల్లల డాక్టరును కలవాలి, జ్వరమో విరేచనాలో ఉంటే మర్నాడే. ఆ అపాయింట్‌మెంటు ఇప్పుడే తీసుకోండి. హిమోగ్లోబిన్, ఐరన్, థైరాయిడ్, రక్తంలో సీసం, హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ, సిఫిలిస్, టీబీ పరీక్షలు చేస్తారు, పురుగుల కోసం వేర్వేరు రోజుల్లో మూడు మలం నమూనాలు తీసుకుంటారు. అక్కడ చేసేశారని కాగితంలో ఉన్నా మళ్ళీ చేయించండి. రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. 18 నెలల లోపు బిడ్డలో తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు ఉండిపోతాయి, కాబట్టి హెచ్ఐవీ ప్రతిరక్షకాల పరీక్ష పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు, వైరస్‌నే వెతికే పీసీఆర్ చేయాలి. రెండోది, బక్కచిక్కిన బిడ్డలో టీబీ పరీక్ష మొదట నెగెటివ్ చూపించి, ఒళ్ళు చేశాక పాజిటివ్ రావచ్చు. అందుకే టీబీ, హెపటైటిస్ బి, హెచ్ఐవీ ఆరు నెలలకు మళ్ళీ చూస్తారు. టీబీ టీకా అయిన బీసీజీ మచ్చ ఉందని టీబీ పరీక్ష ఎగ్గొట్టకూడదు. టీకాల కార్డు నమ్మదగినట్టు లేకపోతే మళ్ళీ వేయించడమే తేలిక, రెండోసారి పడితే సాధారణంగా హాని ఉండదు.

ఇవన్నీ సర్దుకున్నాక, బహుశా నెలకో రెండు నెలలకో, మీకే ఎందుకో దిగులుగా ఉండొచ్చు. పదకొండేళ్ళు ఎదురుచూసిన బిడ్డ ఒడిలో ఉంటే ఏడుపేమిటని సిగ్గుపడి దాచుకునే తల్లులున్నారు. కాన్పు కాకపోయినా ఈ కుంగుబాటు వస్తుంది, తండ్రులకూ వస్తుంది. రెండు వారాలు దాటి సాగితే డాక్టరుకు చెప్పండి.

ఇక అత్తగారి మాట. ఆవిడ ప్రేమకు నేను అడ్డం చెప్పను, కానీ మీరు వెంటనే ఉద్యోగంలో చేరిపోవద్దు. ఆయాల తర్వాత మీరు, మీ తర్వాత అత్తగారు అంటే ఆ పాపకు అవి మూడో చేతులు. కుదిరితే మూడు నెలలు, కనీసం ఆరు వారాలు సెలవు పెట్టి పాలు పట్టడం, స్నానం, నిద్రపుచ్చడం మీ ఇద్దరే చేయండి. రాత్రి మీ గదిలోనే, పక్కనే తన ఊయలలో పడుకోబెట్టండి. ఆ రోజుల్లో వంట, బట్టలు, వచ్చేపోయే చుట్టాలను గుమ్మం దగ్గరే మర్యాదగా ఆపడం అత్తగారికి అప్పజెప్పండి, మూడో పని అన్నింటికంటే కష్టం. హెపటైటిస్ ఏ మొదటి డోసుకు ఆవిడను ఈ వారమే వెంటబెట్టుకెళ్ళండి.