పొద్దు నడక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అరసవల్లి గుడిలో ఏటా మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ పొద్దుటి ఎండ మూలవిరాట్టు పాదాల మీద పడుతుంది. ఆ రోజులే ఎందుకు? మార్చికీ అక్టోబరుకీ సంబంధం ఏమిటి?
- డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: క్యాలెండరులో ఈ రెండు తేదీలూ ఎక్కడెక్కడో ఉన్నాయిగానీ, పొద్దు లెక్కలో రెండూ ఒకటే. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21 దాకా లెక్కపెట్టండి, 80 రోజులు. అక్కడి నుంచి మార్చి 10 దాకా 79 రోజులు. డిసెంబరు 21న సూర్యుడు దక్షిణాన కొసకి చేరి వెనక్కి తిరుగుతాడు. పోయేటప్పుడు దాటిన చోటునే వచ్చేటప్పుడూ దాటాలి కదా. ఆ రెండు తేదీల్లోనూ సూర్యుడు భూమధ్యరేఖకు దాదాపు 4 డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు. దీన్నే పంచాంగకర్తలు క్రాంతి అంటారు. శ్రీకాకుళంలో చూస్తే అప్పుడు పొద్దు పొడిచేది నిక్కమైన తూర్పుకు 4 డిగ్రీలు దక్షిణంగా. వెలుగు నేరుగా లోపలికి రావాలంటే ద్వారాల వరుసకు సూర్యుడు ఎదురుపడాలి. ఏడాదిలో అలా ఎదురుపడేది పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి.

మరి రెండేసి రోజులతోనే ఎందుకు సరి? దీనికి జవాబు ఉయ్యాలలో ఉంది. ఉయ్యాల కొసల దగ్గర నెమ్మదిస్తుంది, మధ్యలో పరుగెడుతుంది. సూర్యుడి ఉత్తర దక్షిణ నడకా అంతే. జూన్ 11 నుంచి జూలై 1 దాకా, ఇరవై రోజుల్లో ఆయన కదిలేది అర డిగ్రీ లోపే. మార్చిలో, సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో మాత్రం ఒక్కరోజులోనే 0.4 డిగ్రీ జరుగుతాడు. సూర్యబింబం వెడల్పే సుమారు అర డిగ్రీ. అంటే రోజుకు దాదాపు తన ఒంటి వెడల్పంత పక్కకు పోతున్నాడన్నమాట. ఇరుకు ద్వారాల గుండా వచ్చే వెలుగు ఇవాళ పాదాల మీద ఉంటే నాలుగైదు రోజులకి గోడ మీద ఉంటుంది. ఆ రెండు రోజులూ తూర్పున మబ్బు పట్టిందంటే మళ్లీ అయిదు నుంచి ఏడు నెలలు ఆగాల్సిందే. ఇదే గుడిని జూన్ నెల పొద్దుకు గురిపెట్టి కట్టి ఉంటే కిరణాలు వారాల తరబడి పడేవి, చూడ్డానికి ఇంత జనమూ వచ్చేవారు కాదేమో!

ఈ నడక మొత్తం చూడాలనుకుంటే కళింగపట్నం తీరంలో ఒకేచోట నిలబడి జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి పొద్దుపొడుపు చూడండి. జూన్ చివర తూర్పుకు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు చివర 25 డిగ్రీలు దక్షిణంగా పొడుస్తాడు. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే దాని అడ్డం సుమారు 10 డిగ్రీలు. అంటే రెండు కొసల మధ్య అయిదు పిడికిళ్ల దూరం.

ప్రశ్న: ఉత్తరాయణం సంక్రాంతికి మొదలవుతుందని ఇంట్లో అంటారు. పాఠంలో డిసెంబరు 21 లేదా 22 అని ఉంది. పిల్లలకు ఏది చెప్పాలి?
- ఉపాధ్యాయిని, బొబ్బిలి

జవాబు: రెండూ చెప్పండి, కాకపోతే అవి రెండు వేర్వేరు లెక్కలని చెప్పండి. సంక్రాంతి నక్షత్రాల లెక్క. సూర్యుడు మకర రాశిలో అడుగుపెట్టే రోజు. నీడ లెక్క వేరు. బడి ఆవరణలో మీటరు కర్ర పాతి చూస్తే మధ్యాహ్నపు నీడ డిసెంబరు 21న అన్నిటికన్నా పొడుగ్గా, 89 సెంటీమీటర్లు ఉంటుంది. జనవరి 14కల్లా 83కి తగ్గిపోతుంది. అంటే పండగ నాటికే సూర్యుడు తిరిగి మూడు వారాలు దాటింది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తూలుతూ సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ జరుగుతుంది కాబట్టి, దాదాపు 1700 ఏళ్ల కిందట ఒకటిగా ఉన్న రెండు రోజులు ఇంతగా ఎడమైపోయాయి.

ప్రశ్న: సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నిలువు వస్తువు పక్కన నీడ కనబడని రోజు అని మేలో పిల్లలచేత ప్రయోగం చేయించాం. సరిగ్గా 12 గంటలకు చూస్తే పైపు పక్కన నీడ కనబడుతూనే ఉంది. పొరపాటు ఎక్కడ జరిగింది?
- సైన్స్ ఉపాధ్యాయుడు, చీపురుపల్లి

జవాబు: గడియారం దగ్గర. మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. శ్రీకాకుళం దానికి తూర్పున 83.9 డిగ్రీల దగ్గర, విజయనగరం 83.4 దగ్గర ఉన్నాయి. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన మన మధ్యాహ్నం ముందే వచ్చేస్తుంది. దీనికితోడు సూర్యుడు కూడా ఏడాది పొడుగునా గడియారానికి ఒకే తీరున కట్టుబడి ఉండడు. మే రెండో వారంలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది శ్రీకాకుళంలో సుమారు 11:51కి, విజయనగరంలో 11:53కి. పన్నెండింటికి చూసేసరికి ఆయన పడమటికి 2 డిగ్రీలు జారిపోయి ఉంటాడు. మీటరు పైపుకు 3, 4 సెంటీమీటర్ల నీడ అలా వచ్చిందే.

తేదీ కూడా ఊరిని బట్టి మారుతుంది. సూర్యుడి క్రాంతి మన అక్షాంశంతో సమానమైన రోజే నీడ మాయమవుతుంది. విజయనగరం 18.1 డిగ్రీలు, శ్రీకాకుళం 18.3. కనుక మే 12, 13 తేదీల్లో ఒకసారి, జూలై 30, 31 తేదీల్లో మరోసారి. జూలైలో వేళ 12:01 నుంచి 12:03 దాకా. అప్పుడు మబ్బుల వల్ల ప్రయోగం దక్కేది అనుమానమే. మేలోనే గట్టిగా సిద్ధమవ్వండి. పైపు నిలువు తప్పితే ఏ లెక్కా పనిచేయదు. మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు దారం తెచ్చి రెండు పక్కల నుంచీ చూడండి. పావుగంట ముందు నుంచే కాపు కాయండి. ఆ కాసేపే.

ప్రశ్న: మా డాబా మీద సోలార్ పలకలు జూన్‌లో బిగించారు. అప్పుడు నీళ్ల ట్యాంకు నీడ ఎక్కడా పడలేదు. డిసెంబరులో రెండు పలకల మీద మధ్యాహ్నం దాకా నీడే. పలకలు దక్షిణానికి వంచడం కూడా తప్పేనా?
- ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: వంచడం తప్పు కాదు. జూన్‌లో చూసి ట్యాంకును నమ్మడం తప్పు. పలకల కన్నా మీటరున్నర ఎత్తున్న ట్యాంకుకు జూన్ 21 మధ్యాహ్నం పడే నీడ జానెడైనా ఉండదు, 14 సెంటీమీటర్లు, అదీ దక్షిణం వైపు. అదే ట్యాంకుకు డిసెంబరు 21 మధ్యాహ్నం 1.3 మీటర్ల నీడ ఉత్తరంగా పడుతుంది. పొద్దున్న 9 ప్రాంతంలో అయితే వాయవ్యంగా 2.6 మీటర్లు. ట్యాంకు పలకలకు ఉత్తరాన ఉండాలి, లేదా పలకలు అంత దూరం జరగాలి. పలకలు రెండు వరుసలుగా ఉంటే ముందు వరుస ఎత్తుకు 1.2 రెట్లు ఖాళీ వదిలితే ఏడాదంతా 9 నుంచి 3 దాకా వెనక వరుస మీద నీడ పడదు. పలకలో ఓ మూల నీడ పడినా ఉత్పత్తి ఆ మూల మేరకే తగ్గదు. దాంతో వరుసగా కలిపిన పలకలన్నీ కుంటుపడతాయి.

వంపు సుమారు 18 డిగ్రీలు, మన అక్షాంశమంత, దక్షిణానికి. అలా ఉంటే జూన్ మధ్యాహ్నమూ డిసెంబరు మధ్యాహ్నమూ ఎండ పలకకు ఒకే ఏటవాలులో తగులుతుంది, నష్టం రెంటిలోనూ 8 శాతమే. చదునుగా పరిస్తే జూన్‌లో నష్టమే ఉండదుగానీ డిసెంబరులో పాతిక శాతం పోతుంది. జూన్ దాటితే ఎటూ మబ్బులే. ఆకాశం తేటగా ఉండేది శీతాకాలంలో. అందుకే దక్షిణపు వంపుకే మా ఓటు. పైగా వాన నీటికి దుమ్ము జారిపోతుంది.

ప్రశ్న: పడమటి కిటికీకి రెండడుగుల సజ్జ పోయించాం. అయినా మే నెలలో సాయంత్రం గది పొయ్యిలా ఉంటోంది. సజ్జ ఇంకా పెంచమంటారా?
- గృహిణి, విజయనగరం

జవాబు: వద్దు, డబ్బు దండగ. మే నడుమ సాయంత్రం 4 గంటలకు సూర్యుడు 31 డిగ్రీల ఎత్తులోకి దిగి ఉంటాడు. రెండడుగుల సజ్జ నీడ అప్పుడు గోడ మీద 37 సెంటీమీటర్లే దిగుతుంది. నాలుగడుగుల కిటికీలో మూడోవంతు కూడా కాదు. 5 గంటలకు ఇంకా తక్కువ. ఎండకు పెట్టే అడ్డు నిలువుగా ఉండాలి: బయట వైపు వెదురు తెర, వట్టివేళ్ల తడక, లేదా నాలుగు గజాల అవతల ఒక చెట్టు. తెర లోపల వైపు కడితే అద్దం దాటి వచ్చిన వేడి గదిలోనే ఉండిపోతుంది. అదే సజ్జ దక్షిణపు కిటికీకి బంగారం. మార్చి 20 మధ్యాహ్నం దాని నీడ 180 సెంటీమీటర్లు దిగి కిటికీని మొత్తం కప్పేస్తుంది. డిసెంబరులో 67 సెంటీమీటర్లే దిగి, చలికాలపు ఎండను కింది సగం నుంచి లోపలికి రానిస్తుంది.

ప్రశ్న: స్థలానికి దిక్కులు చూడ్డానికి ఫోను దిక్సూచి పెడితే నడిచిన ప్రతి నాలుగు అడుగులకూ ఒక్కో దిక్కు చూపిస్తోంది. పాతవాళ్లు మేకు పాతి చూసేవారట. ఆ పద్ధతి చెప్పండి.
- తాపీ మేస్త్రి, రాజాం

జవాబు: చుట్టూ ఇనుప ఊచలు, మోటారు, బోరు పైపు ఉంటే ఫోను అలాగే తికమకపడుతుంది. నీడకు ఇనుముతో పని లేదు.

నేలను చదును చేసి, సిమెంటు పలుచగా రాసి రసమట్టంతో చూసుకోండి. నేల వాలు ఉంటే చూపే దిక్కూ తప్పుతుంది. నడుమ 30 సెంటీమీటర్ల నిటారు ఊచ నిలపండి. దాని మొదలు కేంద్రంగా 20, 30, 40 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో మూడు వలయాలు గీయండి. పొద్దున్న నీడ కొస పొడవు నుంచి కుదించుకుపోతూ ఒక్కో వలయాన్ని తాకుతుంది. తాకిన చోట చుక్క పెట్టండి. మధ్యాహ్నం తరువాత పెరుగుతూ అదే వలయాన్ని రెండోవైపు తాకుతుంది. అక్కడా చుక్క పెట్టండి. ఒకే వలయం మీది రెండు చుక్కలను కలిపితే తూర్పు పడమర గీత. పొద్దుటి చుక్క పడమర కొస. చలికాలంలో 40 వలయం, మార్చి, సెప్టెంబరుల్లో 30, జూన్‌లో 20 మీకు పనికొస్తాయి. తొమ్మిదిన్నర ప్రాంతంలో తాకే వలయమే మేలు. మధ్యాహ్నానికి దగ్గరగా నీడ పొడవు దాదాపు మారదు, కొస ఎక్కడ తాకిందో తేలదు.

పొరపాట్లు సాధారణంగా రెండు. నీడ కొస మసకగా ఉంటుంది, ఎందుకంటే సూర్యుడు చుక్క కాదు, బింబం. మీటరు కర్రకు ఆ మసక ఒక సెంటీమీటరు పైనే ఉంటుంది, అందుకే పొట్టి ఊచ చెప్పాం. రెండోది, మధ్యాహ్నం నీడ ఎటుంటే అటు ఉత్తరమని గుర్తుపెట్టుకోవడం. మే 13 నుంచి జూలై 30 దాకా మన దగ్గర సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణాన పడుతుంది. ఆ రెండున్నర నెలల్లో గుర్తు తలకిందులవుతుంది.

సిద్ధాంతుల లెక్కలో మేకు 12 అంగుళాలు. పగలూ రాత్రీ సమానమైన రోజున దాని మధ్యాహ్నపు నీడను పలభ అంటారు. శ్రీకాకుళానికి అది దాదాపు నిండుగా 4 అంగుళాలు.

ప్రశ్న: డిసెంబరు 21 అన్నిటికన్నా పొట్టి పగలు అంటారు. కానీ కళ్లంలో ధాన్యం ఆరబెట్టేటప్పుడు నవంబరు చివర్లోనే పొద్దు తొందరగా కూకుతోంది. జనవరిలో తెల్లవారడం ఇంకా ఆలస్యమవుతోంది. మా భ్రమా?
- రైతు, నరసన్నపేట

జవాబు: భ్రమ కాదు. శ్రీకాకుళం లెక్క చూడండి. నవంబరు 22 ప్రాంతంలో పొద్దు కూకేది 5:16కి, డిసెంబరు 21న 5:23కి. పొద్దు పొడిచేది డిసెంబరు 21న 6:22కి, జనవరి 20 ప్రాంతంలో 6:30కి. పగలు మాత్రం డిసెంబరు 21నే పొట్టి, 11 గంటల 2 నిమిషాలు. జూన్ 21న 13 గంటల 14 నిమిషాలు.

కారణం మధ్యాహ్నమే జరిగిపోవడం. ఆ రోజుల్లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉండి చురుగ్గా నడుస్తుంది. అక్షం వాలు కూడా అందుకు తోడై, ఒక మధ్యాహ్నం నుంచి మరో మధ్యాహ్నానికి 24 గంటల మీద దాదాపు అర నిమిషం పడుతుంది. నెలకు పన్నెండు, పదమూడు నిమిషాలు. కొస దగ్గర పగటి పొడవు నెలంతా కలిపి 10 నిమిషాలే మారుతుంది, రెండు వైపులా పంచితే అయిదేసి. అందుకని మధ్యాహ్నపు జరుగుడే పైచేయి అవుతుంది. సూర్యుడు నడిమింటికి వచ్చేది నవంబరు 22న 11:40కి, జనవరి 20న 12:05కి.

మీ పనికి ఇందులో పనికొచ్చేది ఉంది. నవంబరు చివర పొద్దున్న ఎనిమిదిన్నర ఎండ, మధ్యాహ్నం మూడున్నర ఎండ సమానం కావు. బరకం మీద పరిచిన ధాన్యానికి నడిమింటి ఎండలో ఎనిమిదిన్నరకు నూటికి 63 పాళ్లు అందితే, మూడున్నరకు 48 పాళ్లే. మంచు ఆరగానే, ఎనిమిదిన్నరకల్లా పరిచేయండి. సాయంత్రం నాలుగు దాకా ఆశపడి ఉంచకండి, మూడున్నరకే కుప్ప చేసి కప్పేయండి. ఆ తరువాత వచ్చే ఎండ కంటే పట్టే చెమ్మే ఎక్కువ.