నెలసరి ఆగిపోయే వయసులో సైకోసిస్ తిరగబెట్టడం గురించి

స్కిజోఫ్రీనియాకు ఏళ్ల తరబడి ఒకే మోతాదు మందుతో నిలకడగా ఉన్న మీ అమ్మగారికి, 48వ ఏట నెలసరి గతి తప్పినప్పటి నుంచి అనుమానాలు, చెవిలో మాటలు వంటి సైకోసిస్ లక్షణాలు మళ్లీ మొదలయ్యాయని, ఈ రెంటికీ సంబంధం ఉందా అని అడిగారు. ఉండే అవకాశం గట్టిగానే ఉంది. మా అక్క విషయంలో ఇదే చూశాను.

అక్కకు తిరగబెట్టగానే మాత్రలు మానేసిందనే బంధువులందరూ తేల్చేశారు. మందుల డబ్బా తీసి చూస్తే మాత్రలు లెక్క ప్రకారమే అయిపోయి ఉన్నాయి. ఈ జబ్బున్న స్త్రీ చెప్పే మాటను అంత తేలిగ్గా కొట్టిపారేయడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

పురుషుల్లో ఈ జబ్బు ఎక్కువగా 20 ఏళ్లకు అటూఇటూగా బయటపడుతుంది. స్త్రీలలో సగటున కొన్నేళ్లు ఆలస్యంగా మొదలవుతుంది. పైగా 45 దాటాక కొత్తగా జబ్బుపడే స్త్రీల సంఖ్య మరోసారి కొంత పెరుగుతుంది. స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజన్, మెదడులో సంకేతాలు చేరవేసే డోపమైన్ అనే రసాయనం ప్రభావాన్ని అదుపు చేస్తూ కొంత రక్షణనిస్తుందని, నెలసరి ఆగే వయసులో అది తగ్గిపోయినప్పుడు ఆ రక్షణ సడలుతుందని జర్మనీలో హైంజ్ హెఫ్నర్ బృందం ప్రతిపాదించింది.

మందుల సంగతి ఇంకా ముఖ్యం. ఈ జబ్బుకు వాడే క్లోజపైన్, ఒలాంజపైన్‌లను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమును ఈస్ట్రోజన్ నెమ్మదింపజేస్తుంది కనుక, అది తగ్గాక అదే మాత్ర వేసుకుంటున్నా రక్తంలో మందు తక్కువగా నిలవవచ్చు. అలాగని మోతాదు పెంచుకుంటూ పోవడమూ సరికాదు. వయసు పైబడిన స్త్రీలలో నోరు, నాలుక వాటంతట అవే కదిలే టార్డివ్ డిస్కినీసియా ముప్పు ఎక్కువ. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ వంటి మందులు పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచి నెలసరిని ఆపేయగలవు, ఎముకలనూ బలహీనపరచగలవు. కాబట్టి నెలసరి ఆగడానికి మెనోపాజే (వయసు వల్ల నెలసరి ఆగిపోవడం) కారణమని ముందే అనుకోకుండా, ప్రొలాక్టిన్ పరీక్ష, ఎముకల సాంద్రత పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి.

మాకు దారి చూపింది గోడ క్యాలెండరు. నెలసరి తేదీలను, ఒంట్లో ఆవిర్లు వచ్చి నిద్రపట్టని రాత్రులను అక్క అందులో గుర్తుపెట్టేది. నిద్ర చెడిన రాత్రుల తర్వాతే మాటలు ఎక్కువవుతున్నాయని దాన్ని చూశాక సైకియాట్రిస్టుకు స్పష్టమైంది. ఆయన మందును సరిచేసి, ఆవిర్లకు గైనకాలజిస్టు దగ్గరకు పంపిన తర్వాత అక్క నెమ్మదిగా కుదుటపడింది. మీరూ అటువంటి వివరాలు రాసి తీసుకెళ్లండి.

హార్మోన్ చికిత్స గురించి కూడా మీరు అడగవచ్చు. మెల్‌బోర్న్‌లో జయశ్రీ కులకర్ణి బృందం యాంటీసైకోటిక్ (సైకోసిస్‌ను తగ్గించే) మందుకు తోడుగా, ఈస్ట్రాడయోల్ అనే ఒక రకం ఈస్ట్రోజన్ ఉన్న, చర్మానికి అంటించే ప్యాచ్ ఇచ్చి చూసినప్పుడు లక్షణాలు తగ్గాయి. అయితే అది అసలు మందుకు బదులు కాదు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం వంటివి గతంలో ఉంటే తప్పక చెప్పాలి, ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని నిర్ణయించాలి. ఈలోగా ఆమె చనిపోవాలని అన్నా, తిండీ నిద్రా మానేసినా, అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.