వాహకతా, వాహకత్వమా?

సందేహం: కడపలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. ఒక్క అణువును రెండు బంగారు కొనల మధ్య నిలిపి విద్యుత్తును కొలిచే ప్రయోగాల గురించి తెలుగులో రాస్తున్నాను. కొలిచినదాన్ని 'అణువు వాహకత' అనాలా, 'అణువు వాహకత్వం' అనాలా? అణువు లోహాన్ని పట్టుకునే చోటును 'స్పర్శ' అనవచ్చా?

సమాధానం: వ్యాకరణాన్ని అడిగితే తేడా లేదంటుంది. 'తస్య భావస్త్వతలౌ' అని పాణిని 'త', 'త్వం' అనే ఆ రెండు ప్రత్యయాలనూ ఒకే సూత్రంలో, ఒకే అర్థంలో చెప్పాడు. వాడుక అలా ఊరుకోదు. 'నిన్న ఒక కవిత రాశాను' అంటాం గాని 'ఒక కవిత్వం రాశాను' అనం. అదే దారిలో, రాగి అనే పదార్థానికి ఉన్న గుణం వాహకత్వం, మీ చేతిలోని రాగి ముక్కకు కొలిచినది వాహకత అనుకోండి. పుస్తకాలన్నీ ఈ తేడా పాటించవు కనుక వ్యాసం మొదట్లోనే ఒక వాక్యంలో చెప్పేయండి.

మీరు కొలిచేది వాహకతే. నా అభ్యంతరమల్లా దాని ముందున్న షష్ఠీ విభక్తి మీద, అంటే 'అణువు యొక్క' అన్న అర్థం మీద. 'అణువు వాహకత' అంటే ఆ సొత్తంతా అణువుదే అయినట్టు! 2007లో ప్రచురితమైన కొలతల్లో, ఒకే ఆల్కేన్ (కర్బనం, హైడ్రోజన్ మాత్రమే ఉన్న) గొలుసుకు భాస్వరం ఉన్న డైమిథైల్ ఫాస్ఫీన్ చివరలు తగిలిస్తే వాహకత ఎక్కువగా, గంధకం ఉన్న మిథైల్ సల్ఫైడ్‌తో అంతకన్నా తక్కువగా, నత్రజని ఉన్న అమైన్‌తో ఇంకా తక్కువగా వచ్చింది. గొలుసు పొడవు పెరిగేకొద్దీ వాహకత పడిపోయే తీరు మాత్రం మూడింటిలోనూ దాదాపు ఒకటే. తేడా పట్టు దగ్గరే ఉందన్నమాట. కాబట్టి 'అమైన్ చివరలతో బంగారు కొనల మధ్య బ్యూటేన్ గొలుసు ద్వారా వాహకత' అని రాయండి. పొడవైతే కానివ్వండి.

'స్పర్శ' వద్దు. తాకి వదిలేసినా స్పర్శే. ఇక్కడ నత్రజని, గంధకం, భాస్వరం తమ ఒంటరి జంటను, అంటే బంధంలో చేరని ఎలక్ట్రాన్ల జతను (ఎంత చిత్రమైన మాట!) బంగారు పరమాణువుతో పంచుకొని బంధం కలుపుకుంటాయి. ప్రొద్దుటూరులో నగలు బాగుచేసే ఆచారిని అడగండి, 'అతుకు' అంటాడు. ఆ మాటే తీసుకోండి. బంగారం, అణువు, బంగారం కలిసిన మొత్తాన్ని 'సంధి' అనండి. డయోడ్ల పాఠంలో విద్యార్థులకు అలవాటైన మాటే.

ఇంకొకటి. ఈ విలువలను సుమారు 77.5 మైక్రోసీమెన్స్ (సీమెన్స్ వాహకతకు కొలమానం) ఉండే ప్రమాణంలో వంతులుగా చెబుతారు కదా, దాన్ని 'వాహకత క్వాంటం' అని రాస్తే చాలు, 'వాహకతా' అని దీర్ఘం వద్దు. 'కవితా సంపుటి'లో ఉన్న దీర్ఘం రెండూ సంస్కృత పదాలు కావడం వల్ల వచ్చింది. క్వాంటానికి ఆ మర్యాద అక్కరలేదు.