స్టేషన్ ఫుట్ బ్రిడ్జి పెచ్చూడి అమ్మ మీద పడింది, కేసు ఎవరి మీద వెయ్యాలి?

ప్రశ్న: సార్, మా ఊళ్ళో హైవే దాటి రైల్వే స్టేషన్‌కి పోయే కాంక్రీట్ ఫుట్ బ్రిడ్జి ఉంది. అడుగున పెచ్చులూడి తుప్పు చువ్వలు కనపడుతున్నాయి. పోయిన నెల ఒక పెచ్చు పడి అమ్మ భుజం ఎముక విరిగింది. హైవే వాళ్ళు రైల్వేది అంటారు, రైల్వే వాళ్ళు మున్సిపాలిటీది అంటారు. రైల్వే ట్రిబ్యునల్‌లో వెయ్యొచ్చా?

జవాబు: కుదరదండి. అది రైలు ప్రమాదాలు, రైల్లోంచి జారిపడటం లాంటి వాటికి. బండేదీ గుద్దలేదు కాబట్టి ఎంవీ ఓపీ (వాహన ప్రమాదాల పరిహారం కేసు) కూడా కాదు. మిగిలింది సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా, దానికి ముందు సీపీసీ (సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం) సెక్షన్ 80 కింద ప్రభుత్వానికి నోటీసిచ్చి 2 నెలలు ఆగాలి. ముగ్గురినీ ప్రతివాదులుగా పెట్టెయ్యండి, మాది కాదని కోర్టుకి చెప్పుకునే తిప్పలు వాళ్ళే పడతారు.

ఈలోగా 10 రూపాయలతో ఆర్టీఐ పెట్టండి. బ్రిడ్జి ఎవరిది అని మాత్రం అడగొద్దు, సమాచారం లేదని ఒక ముక్క రాసి పడేస్తారు. హ్యాండోవర్ లెటర్ (బ్రిడ్జిని ఎవరు ఎవరికి అప్పగించారో చెప్పే కాగితం), ఆఖరి తనిఖీ రిపోర్టు, రిపేర్ బిల్లుల కాపీలు అడగండి, ఆ కాగితాలు వేరే ఆఫీసువైతే సెక్షన్ 6(3) కింద 5 రోజుల్లో వాళ్ళే అక్కడికి పంపి మీకు చెప్పాలి, ఆ బదిలీ లెటర్ వచ్చిందా, ఇన్నాళ్ళూ నోటితో తప్పించుకున్నది సంతకంతో మీ చేతిలో ఉన్నట్టే.

ఇంకో పెచ్చు ఇంకొకరి నెత్తిన పడకుండా ఆర్డీవో దగ్గర బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసుల పద్ధతి చెప్పే కొత్త చట్టం) సెక్షన్ 152 పిటిషన్ వెయ్యండి (పాత సీఆర్‌పీసీ 133 అదే), కూలిపోయి జనానికి దెబ్బ తగిలేలా ఉన్న కట్టడాన్ని బాగుచెయ్యమనో తీసెయ్యమనో ఆర్డరివ్వొచ్చు. ఫండ్స్ లేవంటే 1980లో సుప్రీంకోర్టు ఇచ్చిన రత్లాం మున్సిపాలిటీ తీర్పు చూపించండి, డబ్బుల్లేవన్న సాకు కుదరదని జస్టిస్ కృష్ణయ్యర్ అప్పుడే తేల్చారు. 2019 మార్చి 14న ముంబై సీఎస్ఎంటీ రైల్వే స్టేషన్ పక్కన ఫుట్ బ్రిడ్జి శ్లాబు కూలినప్పుడు కూడా ముందు నడిచింది రైల్వేదా కార్పొరేషన్‌దా అన్న పంచాయితీయే, అక్కడ మనుషులు పోయారండి.

పోలీస్ కంప్లైంట్ ఇవ్వకపోతే ఇప్పుడైనా ఇవ్వండి, బీఎన్ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 125 కింద, అంటే అజాగ్రత్తతో ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చారని. ఊండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టరిచ్చేది), ఎక్స్‌రే, మందుల బిల్లులు ఒకచోట పెట్టుకోండి. ఆ పెచ్చు ఇంకా ఇంట్లో ఉంటే కడగొద్దు, తుప్పు మరకతో సహా సంచిలో కట్టి ఉంచండి.